ఒక్క గడిలో పట్టని నొప్పి

ఆసుపత్రి మొదటి కౌంటరు అద్దానికి అడుగున అర్ధచంద్రం ఆకారంలో ఒక కంత ఉంది. చీటీ వెళ్ళడానికీ, మాట రావడానికీ అదొక్కటే దారి. ఏళ్ళ తరబడి ఊపిరులు తగిలి అద్దం మసకబారిపోయింది. అవతల నిలబడ్డవాళ్ళ ముఖాలు మంచులో ఇళ్ళలా ఉంటాయి. కంతలోంచి మాత్రం గడ్డం కింది నుంచి నడుం దాకా స్పష్టంగా కనబడుతుంది. అందుకే చీటీలక్కకి మనుషులు ముఖాలతో కాదు, చేతులతో గుర్తుంటారు. చెంప కిందికి చేరిన చెయ్యి. పొట్టని పసిబిడ్డలా పట్టుకున్న చెయ్యి. ఒక చేతిని మోసుకొచ్చే ఇంకో చెయ్యి.

ఆమె పేరు హాజరు పట్టీలో ఉంది. ఆ పట్టీ రాసే ఆయన తప్ప ఆ పేరుని ఎవరూ వాడరు. డాక్టర్ల దగ్గర్నుంచి తోటమాలి దాకా అందరికీ ఆమె చీటీలక్కే. పందొమ్మిదేళ్ళుగా పొద్దున్న ఎనిమిదింటికి ఆ కుర్చీలో కూర్చుంటోంది. కుర్చీ రెండుసార్లు మారింది, ఆమె మారలేదు.

వినడానికి ఆమె పని తేలిక. చీటీలో వచ్చినవాళ్ళ పేరు, వయసు, వీధి రాయాలి. వాటి కింద ఒక గడి ఉంటుంది. గడి పక్కన ఇంగ్లీషులో అచ్చేసిన ఒకే ఒక్క మాట, పెయిన్. నొప్పి ఉందా అని అడగాలి. ఉందంటే గడిలో టిక్కు పెట్టి గులాబీ చీటీ ఇవ్వాలి. గులాబీ చీటీవాళ్ళు ఎడమ తలుపులోంచి డ్యూటీ డాక్టరమ్మ దగ్గరికి పోతారు. ఆమె ముందుగా ఒక చూపు చూసి, ఎవరికి ఎంత తొందరో తేలుస్తుంది. లేదంటే గడిలో ఇంటూ, తెల్ల చీటీ. తెల్ల చీటీవాళ్ళు కుడివైపు బల్లల మీద కూర్చుని తమ నంబరు పిలిచేదాకా గోడని చూస్తుంటారు.

పదకొండేళ్ళ కిందట ఒక ఉదయం ఆ కంత ముందుకి గోళ్ళ చుట్టూ నీలం రంగు అంటిన చేతులు రెండు వచ్చాయి. ఇళ్ళకి రంగులు వేసే ఆయన. నొప్పి ఉందా అని ఆమె అడిగింది.

“నొప్పేం లేదు తల్లీ. కాస్త బరువుగా ఉంది, అంతే,” అన్నాడు.

రంగు డబ్బాలు మోసే మనిషికి బరువు కాక ఇంకేముంటుంది అనుకుంది చీటీలక్క. ఇంటూ పెట్టింది. తెల్ల చీటీ కంతలోంచి జారింది.

ఆయన మూడో బల్ల మీద రెండుంబావు గంటలు కూర్చున్నాడు. తన నంబరు దగ్గరపడ్డప్పుడు పసిపిల్లతో వచ్చిన ఒకావిడని తనకంటే ముందు పంపించాడు. ఆ తర్వాత, కునుకు పట్టినవాడిలా, చప్పుడు లేకుండా పక్కకి ఒరిగిపోయాడు. గుండె. మనిషిని దక్కించుకున్నారు గానీ గుండెలో సగం ఇక పనికి రాదన్నారు. నిచ్చెన ఎక్కద్దన్నారు.

విచారణ జరిగింది. అప్పటి డాక్టరు రికార్డులో ఒక వాక్యం రాశాడు. అడిగినప్పుడు రోగి నొప్పి లేదని చెప్పాడు, అని. ఆ వాక్యంతో అందరూ చేతులు దులుపుకున్నారు. చీటీలక్కని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆ అనకపోవడమే ఆమె లోపల ముల్లులా ఉండిపోయింది. పాత చీటీలు చింపి పారేసే రోజున ఆ ఒక్క తెల్ల చీటీని వెతికి బయటికి తీసింది. తన బల్ల మీద పరిచిన అట్ట కింద దాచిపెట్టింది. రోజూ ఆ అట్ట మీదే రాస్తుంది.

రంగులాయన ఇప్పటికీ నెలకోసారి మాత్రల కోసం వస్తాడు. నిచ్చెన దిగిపోయినవాడు బల్ల ముందు కూర్చుని చిన్న చిన్న బోర్డులు రాస్తున్నాడు. ఆసుపత్రి గదుల నంబర్లన్నీ ఆయన చేతివే. వచ్చినప్పుడల్లా కంతలోంచి నీలం గోళ్ళు పెట్టి, “ఈసారి గులాబీదా, తెల్లదా?” అంటాడు. నవ్వుతూనే అంటాడు. ఆమె తలొంచుకుని రాస్తుంది.

ఆ సంఘటన తర్వాత ఆమె ఒక అలవాటు చేసుకుంది. గడిలో టిక్కో ఇంటూవో పెట్టాక, పక్కన ఖాళీలో వచ్చినవాళ్ళు అన్న మాటని పెన్సిలుతో రాసేది. ఎవరూ రాయమనలేదు. పంటివాళ్ళు జివ్వుమంటోంది అనేవాళ్ళు. నడుంవాళ్ళు కలుక్కుమంది, పట్టేసింది అనేవాళ్ళు. కడుపు మెలిపెట్టేది, తల దిమ్మెక్కేది, కాళ్ళు పీకేవి, పుండు సలిపేది, కాలిన చోట చురచురలాడేది. ఒక లారీ డ్రైవరు తన మెడలో ఎవరో బోల్టు బిగిస్తున్నారన్నాడు. ఒక ముసలావిడ తన భుజం అలిగిందంది. అవన్నీ రాసుకునేది. ఇంటికెళ్ళాక ఒక నోటుబుక్కులోకి ఎక్కించేది.

నోటుబుక్కుకి పరీక్షాధికారి వాళ్ళ అత్తగారు. ఆవిడ మోకాళ్ళకి ఇరవయ్యేళ్ళ అనుభవం. కోడలు ఒకసారి పోటు, సలుపు ఒక వరసలో రాస్తే ఆవిడ పెన్సిలు లాక్కుంది.

“పోటు వేరు, సలుపు వేరు. పోటు చుట్టంలా వచ్చి పోతుంది. సలుపు ఇంట్లోనే ఉంటుంది, నాలాగ.”

“మీరే అన్నారు. నేననలేదు అత్తయ్యా,” అంది కోడలు.

డ్యూటీ డాక్టరమ్మ వయసులో చిన్నది, ఆ పెన్సిలు మాటలు చదివే మనిషి. తీరిక ఉన్నప్పుడు కౌంటరులోకి వచ్చి టీ తాగేది. ఇంగ్లీషులో కూడా పెయిన్‌కి చుట్టాలు చాలామంది ఉన్నారని ఆమే చెప్పింది. ఏక్ అనీ, సోర్ అనీ, క్రాంప్ అనీ, త్రాబ్ అనీ. గడి చిన్నదని వాళ్ళెవర్నీ లోపలికి రానివ్వలేదట. పైగా పెయిన్‌కే వేరే కాపురాలు కూడా ఉన్నాయంది. ఒళ్ళు దాచుకోకుండా, శ్రద్ధగా చేసే పనికీ అదే మాట వాడతారట. ఊరికే బుర్ర తినేవాణ్ణి కూడా పెయిన్ అంటారట.

గాయాలకి కట్లు కట్టే ఆయన అక్కడే ఉన్నాడు. “అయితే మన సూపరింటెండెంటుగారికి టిక్కు పెట్టెయ్యక్కా,” అన్నాడు.

ఆ సూపరింటెండెంటుగారే ఒక సోమవారం చీటీలక్కని పైకి పిలిపించారు. ఆయన గదిలో బల్ల మీద కొత్త తెర ఒకటి వెలుగుతోంది. దాన్ని అమర్చడానికి వచ్చిన కంప్యూటరాయన దాని వెనకాల తీగలు సర్దుతున్నాడు. ఇకమీదట చీటీ చేత్తో రాయక్కర్లేదని, తెర మీద నొక్కితే గులాబీదో తెల్లదో అదే బయటికొస్తుందని చెప్పారు. ఆమె వంగి చూసింది. పేరు, వయసు, వీధి. పెయిన్ ఉందా, లేదా. ఉంటే సున్నా నుంచి పదిలోపు ఎంత. అంతే. పక్కన ఖాళీ లేదు. పెన్సిలు ఆనేచోటు ఎక్కడా లేదు.

వాళ్ళు చెప్పే మాట రాసుకోవడానికి ఒక్క వరుస కావాలంది చీటీలక్క. ఆయన విసుక్కోలేదు. కుర్చీ కిటికీవైపు తిప్పి, గేటు దాకా పాకిన వరసని చూపించారు. ఒక్కో మనిషికి డెబ్బై సెకన్లు పట్టాలని లెక్క, మీ పెన్సిలు వల్ల రెండు నిమిషాలు దాటుతోందన్నారు. కంప్యూటరాయన శుక్రవారం సాయంత్రం దాకా ఉంటాడు. ఆ తర్వాత తెర మీది ఈ పత్రం ఇక మార్చడానికి వీల్లేకుండా బిగిసిపోతుంది, ఇంకో మూడు ఆసుపత్రులకి కూడా ఇదే వెళ్తుంది.

“శుక్రవారం లోపల వరస పెరగకుండా చేసి చూపించండి. లేదంటే ఇక ఈ మాట ఎత్తద్దు,” అన్నారు.

“చూపిస్తాను సార్,” అంది. ఏం చూపించాలో ఆమెకి తెలీదు.

మంగళవారం నోటుబుక్కులోంచి వంద మాటలు తీసి కంప్యూటరాయన ముందు పెట్టింది. నొక్కి ఎంచుకునే మాటలైతే ఎనిమిదికి మించి పట్టవన్నాడు. ఆ మధ్యాహ్నం ఆమె, కట్లాయన, డాక్టరమ్మ టీ గ్లాసుల మధ్య నోటుబుక్కు పెట్టుకుని వందని ఎనిమిది చెయ్యడానికి కూర్చున్నారు. ఒక్కో మాటా కొట్టేసినప్పుడల్లా ఆ మాట చెప్పిన చెయ్యి ఆమె కళ్ళ ముందు కదిలేది. లారీ డ్రైవరు బోల్టు పోయింది. అలిగిన భుజం పోయింది. పోటు, సలుపు రెండిట్లో ఒకటే ఉంచాలంటే ఆమె పెన్సిలు కదల్లేదు. చివరికి కట్లాయన కళ్ళు మూసుకుని ఒకటి కొట్టేశాడు.

బుధవారం ఆ ఎనిమిది మాటలతో కౌంటరు తెరిచారు. కంప్యూటరాయన పక్కన కూర్చుని ఫోనులో సెకన్లు చూస్తున్నాడు. అరగంటలో సంగతి తేలిపోయింది. ఎనిమిది చదివి వినిపించేసరికి ముందు చెప్పినవి మర్చిపోయేవాళ్ళు. కొందరు అన్నిటికీ తలూపారు. ఒకావిడ మూడు కావాలని పట్టుబట్టింది. ఎక్కువమంది మొదటిదాన్నే పట్టుకున్నారు.

“ఏదో ఒకటి వేసెయ్యక్కా, నిలబడలేకపోతున్నా,” అన్నాడొకాయన.

పదకొండింటికి వరస గేటు దాటి వీధిలోకి పోయింది. వెనకాలెవరో లోపల పెళ్ళిసంబంధాలు మాట్లాడుతున్నారా అని అరిచారు. సూపరింటెండెంటుగారు నడవాలోంచి వెళ్తూ ఒక్క క్షణం ఆగి, చేతి గడియారం చూసుకుని వెళ్ళిపోయారు. కంప్యూటరాయన మొహమాటపడుతూ చెప్పాడు, సగటున రెండున్నర నిమిషాలు. పెన్సిలే నయం.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తగారు మంచం మీద కూర్చుని రెండు కాళ్ళూ కిందికి వేలాడేసి ఉంది. గదిలో ఇంకా వెలుతురుంది. కిటికీ ఊచల నీడలు ఆవిడ కాళ్ళ మీద గీతల కాగితంలా పడ్డాయి. కోడలు సంచీ పక్కన పడేసి, అలవాటుగా నొప్పి ఎలా ఉందని అడిగింది. ఉంది, అంది అత్తగారు. ఎంతుందని అడిగింది. ఉన్నంత ఉంది, అంది.

చీటీలక్క గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. రోజంతా వాగిన నోరు ఎండిపోయింది. ఎదురుగా అత్తగారి అరచెయ్యి మోకాలి మీద అటూ ఇటూ కదులుతోంది, మారాం చేసే పిల్లని జోకొడుతున్నట్టు. పక్కగదిలో పిల్ల ఏదో చేస్తుంటే అడిగినట్టుగా, ఆలోచన లేకుండా, ఆమె నోట్లోంచి వచ్చింది.

“ఏం చేస్తోంది అత్తయ్యా అది?”

“ఏం చేస్తుందీ. తొలుస్తోంది. పొద్దున్న మేకు దిగేసినట్టుంది, ఇప్పుడు ఆ మేకుని తిప్పుతోంది. ఆగి ఆగి తిప్పుతోంది, పని రానివాడిలాగ.”

చీటీలక్క గోడ వదిలి నిటారుగా కూర్చుంది. నోటుబుక్కు తీసి మొదటి పేజీ నుంచి చూసుకుంటూ పోయింది. పీకుతోంది, లాగుతోంది, కోస్తోంది, గుచ్చుతోంది, మెలిపెడుతోంది, నులిమేస్తోంది, అదుముతోంది. పదకొండేళ్ళుగా పోగుచేసినవాటిలో దాదాపు అన్నీ పనులే. ఎవరూ తమ దగ్గర ఫలానాది ఉంది అని చెప్పడానికి రాలేదు. లోపల ఎవరో ఏదో చేస్తున్నారని ఫిర్యాదు చెప్పడానికి వచ్చారు. ఆమె మాత్రం కౌంటరులో కూర్చుని ఉందా లేదా అని అడుగుతూ వచ్చింది. వస్తువు పోయినవాణ్ణి అడిగినట్టు.

“ఏమే, అలా చూస్తావేం? వేన్నీళ్ళు పెట్టు,” అంది అత్తగారు.

గురువారం పొద్దున్న కంప్యూటరాయన ఎనిమిది మాటల జాబితా తీసేశాడు. దాని చోట ఖాళీ వరుస ఒకటి పెట్టాడు. ఇరవై అక్షరాలు పడతాయన్నాడు. చాలంది. నోటుబుక్కులో పొడుగు మాటలన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకునే వచ్చింది.

మొదటి మనిషి ఒక వంటాయన. నడుం దగ్గర చొక్కా తడిగా ఉంది. “చెయ్యి పెట్టి చూపించండి,” అంది. అతను పెట్టాడు. “ఏం చేస్తోంది అక్కడ?” అంది.

ప్రశ్న కొత్తగా ఉన్నందుకు అతను ఒక్క క్షణం తడబడ్డాడు. అంతే. “గుంజుతోందండీ, ఈ పక్కకి,” అన్నాడు.

తర్వాతావిడ కొరుకుతోంది అంది. ఆ తర్వాతాయన ఏమీ చెయ్యట్లేదు, మొద్దుబారి పడుందన్నాడు. బడిపంతులు ఒకాయన అలల్లా వచ్చి విరుగుతోందన్నాడు. ఎవరూ ఆలోచించుకోనక్కర్లేకపోయింది. తమ వీధిలో జరుగుతున్నదాన్ని చెప్పినట్టు చెప్పారు. చెయ్యి చోటు చూపించేది, నోరు పని చెప్పేది, ఆమె వేళ్ళు తట్టేవి. అద్దం అవతల ముఖాలు మసకగానే ఉన్నాయి గానీ కంతలోంచి వచ్చే మాటలు కడిగిన గిన్నెల్లా ఉన్నాయి.

ఆ ప్రశ్న తర్వాతే నొప్పి ఉందా లేదా అని అడిగేది. లేదన్నవాళ్ళలో ముగ్గురికి ఆమె ఉందనే నొక్కి గులాబీ చీటీ ఇచ్చింది. వాళ్ళు లేదన్నా, వాళ్ళ చేతులు ఉన్న చోటు, చెప్పిన పని ఆమెని తెల్ల చీటీ ముట్టుకోనివ్వలేదు.

పదకొండున్నరకి నీలం గోళ్ళు కంతలోకి వచ్చాయి. నెల తిరిగింది కదా. “ఈసారి గులాబీదా, తెల్లదా?”

“బాబాయ్, మీరు పన్నెండున్నర దాకా ఆ మొదటి బల్ల మీద కూర్చుంటారా? పనుంది,” అంది చీటీలక్క. ఆయన్ని ఆమె ఏదైనా కోరడం అదే మొదటిసారి. ఆయన కూర్చున్నాడు. వెళ్ళేవాళ్ళు వచ్చేవాళ్ళు ఆయన రాసిన నంబర్ల కింద నుంచి నడిచారు.

పన్నెండున్నరకి కౌంటరు మూసి భోజనానికి లేచేవేళ సూపరింటెండెంటుగారు కిందికి దిగొచ్చారు. కంప్యూటరాయన ఫోను చూపించాడు. సగటున డెబ్బై నాలుగు సెకన్లు. ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. నాలుగు ఎక్కువ. రోజుకి మూడు వందల మంది, అంటే ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు ఎవరివని అడిగారు.

“నావి సార్. నేను ఏడూ నలభైకే కౌంటరు కిటికీ తీస్తాను,” అంది.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. లేదన్నవాళ్ళని ముగ్గుర్ని ఎడమ తలుపులోకి పంపారటగా అన్నారు. డాక్టరమ్మ గడప దగ్గరే నిలబడి ఉంది. ముగ్గురిలో ఇద్దరికి ఏమీ లేదని, మూడో ఆవిణ్ణి వార్డులో చేర్చానని, బల్ల మీద కూర్చోబెట్టి ఉంటే సాయంత్రానికి చాలా ఆలస్యమయ్యేదని ఉన్నదున్నట్టు చెప్పింది.

“మూడింట్లో రెండు తప్పన్నమాట,” అన్నారాయన.

చీటీలక్క బల్ల మీది అట్ట ఎత్తింది. దాని కింద తెల్ల చీటీ పదకొండేళ్ళ రాతల ఒత్తిడికి ఉల్లిపొరలా పల్చబడి ఉంది. దాన్ని ఆయన చేతిలో పెట్టింది. పేరు, వయసు, వీధి. గడిలో ఇంటూ. ఆయన చదివి తలెత్తేసరికి ఆమె తలుపు తీసుకుని కౌంటరు బయటికి వచ్చేసింది. పందొమ్మిదేళ్ళలో పనివేళ ఆమె అద్దానికి అవతలి పక్క నిలబడడం అరుదు. మొదటి బల్ల దగ్గరికి వెళ్ళింది. రంగులాయన ముఖం అంత దగ్గరగా, మసక లేకుండా ఎప్పుడూ చూడలేదు. కనుబొమల్లో కూడా కాస్త రంగుంది.

“బాబాయ్, ఆ రోజు ఆ ఇంటూ పెట్టింది నేనే,” అంది.

“తెలుసు,” అన్నాడాయన. “రెండుంబావు గంటలు ఆ చీటీ నా చేతిలోనే ఉంది. అక్షరాలు రాసి బతికేవాణ్ణి, గీత గుర్తుపట్టనా? ఇంటూ పెడితే నీకు కుడిగీత ఎప్పుడూ పొడుగు పోతుంది.”

“ఒక్కసారి కూడా అనలేదు మీరు.”

“అంటే ఏమవుతుంది? నా చీటీ రాసేటప్పుడు అసలే తలెత్తవు. ఇక కుర్చీ కిందే కూర్చుంటావు.”

కట్లాయన ఎక్కడో వెనకాల దగ్గాడు. చీటీలక్క నవ్వలేదు. ఆమెకి ఇప్పుడు కావలసింది క్షమాపణ కాదు. ఆమె ఆయన ముందు వంగి, వరసలో అందర్నీ అడిగినట్టే అడిగింది.

“ఆ రోజు నేను ఉందా లేదా అని అడక్కుండా, చెయ్యి పెట్టి చూపించండి, ఏం చేస్తోంది అక్కడ అని అడిగి ఉంటే, ఏమనేవాళ్ళు?”

రంగులాయన చెయ్యి దానంతటదే లేచి రొమ్ము మధ్యకి వెళ్ళింది. పదకొండేళ్ళయినా చోటు మర్చిపోలేదు.

“ఎవరో ఎక్కి కూర్చున్నారు తల్లీ, అనేవాణ్ణి. పెద్ద మనిషెవరో. దిగమంటే దిగట్లేదు, అనేవాణ్ణి,” అన్నాడు. చెయ్యి దించి, “అది నొప్పని నాకు తోచలేదు. నొప్పంటే వేలు తెగినప్పుడు వచ్చేది అనుకునేవాణ్ణి,” అన్నాడు.

చీటీలక్క సూపరింటెండెంటుగారి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

“ఇద్దర్ని ఊరికే ఎడమ తలుపులోకి పంపితే డాక్టరమ్మకి ఆరు నిమిషాలు పోతాయి సార్. ఒక్కర్ని ఊరికే బల్ల మీద కూర్చోబెడితే ఏం పోతుందో ఈయన చెప్పాడు.”

ఆయన చీటీని రెండు వేళ్ళతో పట్టుకుని ఇంకోసారి చూశారు. గడి ఉండాల్సిందే, పైవాళ్ళ లెక్కలన్నీ గడి మీదే నడుస్తాయన్నారు. గడి వద్దని తను అనలేదని ఆమె చెప్పింది. ముందు ప్రశ్న, తర్వాత గడి. ప్రశ్న వరుస ఖాళీగా వదిలేస్తే గడి తెరుచుకోకూడదు. మిగతా మూడు ఆసుపత్రుల్లోనూ అంతే. కంప్యూటరాయన అది పూటలో పని అన్నాడు, అనవసరంగా కాస్త గట్టిగానే.

“ఏడూ నలభై,” అన్నారు సూపరింటెండెంటుగారు.

“ఏడూ నలభై సార్.”

“ఒక్కరోజు ఆలస్యమైనా వరుస తీయించేస్తాను.” చీటీని ఆమెకి తిరిగి ఇచ్చి మెట్లవైపు వెళ్ళారు. రెండు మెట్లెక్కి ఆగి, ఎవరివైపూ చూడకుండా, తన అరచెయ్యి మెడ వెనక పెట్టుకుని, “ఇక్కడ నాకు రోజూ ఎవరో తాడు బిగిస్తుంటారు,” అని గొణిగి వెళ్ళిపోయారు. కట్లాయన చీటీలక్క చెవిలో, చూశావా, టిక్కే, అన్నాడు.

సోమవారం ఆమె ఏడుంబావుకే వచ్చింది. అప్పటికే రంగులాయన బయటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పాత గుడ్డలో చుట్టిన బోర్డు. గుడ్డ విప్పాడు. తెల్లటి పలక మీద నీలం అక్షరాలు. చెయ్యి పెట్టి చూపించండి. ఏం చేస్తోంది అక్కడ? అక్షరాలు పెద్దవి, గేటు దగ్గర్నుంచే చదువుకోవచ్చు. నిలబడే వరసలోనే సమాధానం వెతుక్కుంటే ఆ నాలుగు సెకన్లు కూడా మిగులుతాయి కదా అన్నాడు.

బోర్డు కిటికీ పైన, చేతికందని ఎత్తులో కట్టాలి. తోటమాలి నిచ్చెన తెచ్చి గోడకి ఆనించి వెళ్ళాడు. ఇద్దరూ దాన్ని చూశారు. చీటీలక్క చెప్పులు విడిచింది.

“ఎప్పుడన్నా ఎక్కావా?” అన్నాడు రంగులాయన.

“లేదు.”

“కిందికి చూడకు. గోడతో మాట్లాడుతూ ఎక్కు.”

ఆయన నిచ్చెన కాళ్ళు రెండిటినీ రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆమె ఒక చేత్తో బోర్డు, ఒక చేత్తో మెట్టు పట్టుకుని ఎక్కింది. అయిదో మెట్టు మీద నిచ్చెన కాస్త మూలిగింది. కింద ఆయన చేతులు బిగిశాయి. ఆ బిగింపు కర్రలోంచి పాకి ఆమె అరికాళ్ళకి తెలిసింది. నడుం దగ్గర దోపుకున్న సుత్తి తీసి మేకులు కొట్టింది. ఒకటి వంకర పోయింది, పీకి మళ్ళీ కొట్టింది. బోర్డు తగిలించింది. ఎడమకి ఒక వేలెడు అన్నాడాయన. జరిపింది. ఎక్కువైంది అన్నాడు. జరిపింది.

దిగాక ఇద్దరూ రొప్పుతున్నారు. ఆమె ఆయన రొమ్మువైపు చూసి, “ఏం చేస్తోంది బాబాయ్ అక్కడ?” అంది.

ఆయన చెయ్యి పెట్టుకుని, తల కాస్త వంచి విన్నాడు. “పని చేస్తోంది,” అన్నాడు. “నిదానంగా, తిట్టుకుంటూ.”

గేటు తెరుచుకుంది. మొదటివాళ్ళు ఆవరణలోకి వస్తున్నారు, బోర్డు చదువుతూ, నడుస్తూనే చేతులు ఎక్కడెక్కడికో తీసుకెళ్తూ. చీటీలక్క లోపలికి వెళ్ళింది. తెల్ల చీటీని అట్ట కింద దాని చోట్లో పెట్టింది. గోడ గడియారంలో ఏడూ ముప్ఫై తొమ్మిది. కూర్చుని, కిటికీ గడియ మీద వేలు పెట్టి, ముల్లు కదిలేదాకా ఆగి, తీసింది.